మా లైను షార్ట్‌కట్ అయిపోయింది, గేటు పెట్టుకోవచ్చా? – ఒంగోలు నుంచి వచ్చిన ప్రశ్నకు నా సమాధానం

మీ ప్రశ్న ఇది. ఒంగోలులో కర్నూలు రోడ్డు రద్దీ తప్పించుకోవడానికి బండ్లన్నీ మీ లైనులో దూరి మంగమూరు రోడ్డు వైపు పోతున్నాయి. పొద్దున స్కూలు టైములో, సాయంత్రం ఆఫీసులు వదిలే టైములో గడప దాటి నిలబడే పరిస్థితి లేదు. ఈమధ్య ఒక పెద్దావిడను బైకు గుద్దింది. లైను రెండు చివర్లా గేట్లు పెట్టుకోవచ్చా, స్పీడ్ బ్రేకర్ల కోసం కార్పొరేషన్‌లో అర్జీ ఇవ్వాలా, లైనులో సగం మంది ఒప్పుకోవడం లేదు కాబట్టి అసలు ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. గేట్లు పెట్టకండి. స్పీడ్ బ్రేకర్లను మొదటి కోరికగా పెట్టుకోకండి. మీ లైను ఇటు నుంచి అటు దాటిపోవడానికి పనికిరాకుండా చేయాలి. అదే సమయంలో లైనులో ప్రతి ఇంటికీ ఏదో ఒక వైపు నుంచి బండి వచ్చే వీలు ఉండాలి. ఈ మార్పును శాశ్వతంగా కాకుండా నెల రోజుల ట్రయల్‌గా అడగండి. అడిగే ముందు రెండు పనులు పూర్తిచేయాలి. బండ్ల లెక్క తీయాలి, పక్క లైన్ల వాళ్లను కలుపుకోవాలి. ఈ రెండూ లేకుండా వెళ్లిన అర్జీలు ఏమవుతాయో బల్లకు అటువైపు కూర్చున్న రోజుల్లో చాలా చూశాను.

నేను ఆర్ అండ్ బీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను. నెల్లూరులో మినీ బైపాస్‌కు దగ్గరలో మా ఇల్లు. రిటైరయ్యాక కాలనీ సంఘంలో ఈ పని మీదే ఎక్కువ తిరిగాను, వేరే కాలనీల వాళ్లు పిలిస్తే వెళ్లి చూశాను. చెప్పేదంతా ఆ అనుభవం నుంచే.

గేటు ఎందుకు వద్దంటున్నానంటే, అనుమతి ఉన్న లేఅవుట్‌లో రోడ్లను గిఫ్ట్ డీడ్ ద్వారా మున్సిపాలిటీకి రాసిస్తారు. ఆ క్షణం నుంచి అది పబ్లిక్ రోడ్డు. మీ డబ్బుతో గేటు పెట్టినా అది ఆక్రమణ కిందికే వస్తుంది. ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారు, కార్పొరేషన్ వాళ్లు వచ్చి తీసేస్తారు, ఆ తర్వాత మీరు న్యాయమైన కోరికతో వెళ్లినా "గేటు పెట్టినవాళ్లు" అనే పేరు ముందు నడుస్తుంది. ఇంకో సంగతి, గేటు తాళం చెవి రాత్రి రెండింటికి ఎవరి దగ్గర ఉంటుంది? లైను మధ్యలో ఒకరికి గుండెనొప్పి వచ్చి 108 వచ్చిందనుకోండి. ఆ తాళం బాధ్యత మీ సంఘంలో ఎవరు తీసుకుంటారో ముందు అడిగి చూడండి.

స్పీడ్ బ్రేకర్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నూటికి తొంభై అర్జీలు వాటి కోసమే వస్తాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఇచ్చిన ప్రమాణంలో (2018లో దాన్ని సవరించారు) గుండ్రటి హంపు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలని ఉండేది. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి కుదుపు లేకుండా దాటేలా లెక్కకట్టిన కొలత అది. 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు ఉండాలని కూడా అందులో ఉండేది. మన వీధుల్లో వేసేది ఏమిటి? అడుగు, అడుగున్నర వెడల్పున మోకాటి దెబ్బలాంటి గడ్డ. దాని మీద నడుంనొప్పి ఉన్నవాళ్లకు, గర్భిణులకు నరకం. బైకువాళ్లు మాత్రం డ్రైను పక్కన వదిలిన జానెడు సందులోంచి పోతారు, అంటే సరిగ్గా పిల్లలూ ముసలివాళ్లూ నడిచే చోటు నుంచి. గడ్డ ముందు బ్రేకు, దాటగానే రేజింగ్. ఎవరి ఇంటి ముందు వేస్తే వాళ్లకు రాత్రంతా నిద్ర ఉండదు, మూడో నెలలో వాళ్లే గునపంతో తవ్వేస్తారు. అన్నిటికంటే ముఖ్యం, బ్రేకర్ వేగాన్ని తగ్గిస్తుంది, బండ్ల సంఖ్యను పెద్దగా తగ్గించదు. మెయిన్ రోడ్డు మీద ఐదు నిమిషాలు ఆగాల్సినవాడు మీ లైనులో రెండు గడ్డలు దాటడానికి వెనకాడడు.

ఇక లెక్క. ఇది పూర్తిగా మీ చేతిలో పని, ఎవరి అనుమతీ అక్కర్లేదు. లైనుకు ఈ చివర ఇద్దరు, ఆ చివర ఇద్దరు కూర్చోవాలి. డిగ్రీ చదివే పిల్లలైతే ఉత్సాహంగా చేస్తారు. ఒకరు నంబరు ప్లేటు మీది చివరి నాలుగంకెలు చదవాలి, ఒకరు రాయాలి. పక్కన టైము, బండి రకానికి ఒక్క అక్షరం: బైకుకు బై, కారుకు కా, ఆటోకు ఆ, వ్యానుకు వ్యా, ట్రాక్టరుకు ట్రా. బైకులు గుంపుగా వస్తే రాయడం కుదరదు కాబట్టి ఫోనును ఒక గోడ మీద ఆనించి వీడియో పెట్టుకోండి, తర్వాత ఆపి చూసుకుంటూ పూరించవచ్చు. రెండు వైపుల గడియారాలూ ముందే కలుపుకోవాలి. సాయంత్రం రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే నంబరు రెండు మూడు నిమిషాల తేడాతో రెండు చివర్లా ఉంటే అది దాటిపోయిన బండి. ఒక చివరే ఉంటే మీ లైనుకు పని మీద వచ్చిన బండి.

మామూలు పనిరోజు చూసుకుని తీయండి. సంక్రాంతి ముందూ, వేసవి సెలవుల్లోనూ తీస్తే దానికి విలువ ఉండదు. మా నెల్లూరులో అయితే వాన పడి రామలింగాపురం, మాగుంట లేఅవుట్ అండర్‌బ్రిడ్జిల్లో నీళ్లు నిలిచిన రోజు ఊరంతా దారి మార్చుకుంటుంది. ఆ రోజు లెక్క తీసి పట్టుకెళ్తే ఏ ఇంజనీరైనా మొదటి ప్రశ్నలోనే పక్కన పెట్టేస్తాడు.

మా కాలనీలో లెక్క తీసినప్పుడు అందరం అనుకున్నది ఒకటి, కాగితం మీద తేలింది ఇంకొకటి. మీటింగుల్లో ఆటోలవాళ్లనే తిట్టుకునేవాళ్లం. తీరా చూస్తే ఆటోల్లో ఎక్కువ భాగం మా ఇళ్లవాళ్లను ఎక్కించుకోవడానికి వచ్చినవే. దాటిపోయేవాటిలో పెద్ద వాటా సొంత కార్లది, స్కూలు వ్యాన్లది, సరుకుల ట్రాలీ ఆటోలది. వ్యాన్లలో కొన్ని మా పిల్లలు ఎక్కేవి. ఈ లెక్క తర్వాత మీటింగుల్లో గొంతులు తగ్గాయి, పని మొదలైంది.

స్కూలు వ్యాన్ల పనికి ఏ ఆర్డరూ అవసరం లేదు, అందుకే దాన్ని ముందు పట్టుకున్నాం. స్కూళ్లలో ట్రాన్స్‌పోర్ట్ చూసేవాళ్లను కలిసి, ఇంటింటికీ ఆగే బదులు కాలనీ మొదట్లో ఒకచోట పిల్లలను ఎక్కించుకోమని అడిగాం. డ్రైవర్లు వెంటనే సరే అన్నారు, వాళ్లకు డీజిలూ టైమూ మిగులుతాయి. అభ్యంతరమంతా తల్లిదండ్రుల నుంచే వచ్చింది. "పసిపిల్ల వంద అడుగులు ఎట్టా నడస్తది" అన్నారు. ఆ వంద అడుగులు భయం లేకుండా నడవడం కోసమే కదమ్మా ఇదంతా అని ఒక్కో ఇంటికీ వెళ్లి చెప్పాల్సి వచ్చింది. కొందరు అమ్మలు వంతులవారీగా పిల్లలను కూడలి దాకా తీసుకెళ్లడం మొదలుపెట్టాక మిగిలినవాళ్లూ కలిశారు. పెద్ద బండ్ల రద్దీలో కళ్లకు కనపడే తేడా మొదట అక్కడే వచ్చింది.

తర్వాత, మీ లైనును చూసే ముందు మెయిన్ రోడ్డును చూడండి. బండ్లవాళ్లు మీ మీద కోపంతో మీ లైనులోకి రారు. అక్కడ ఏదో అడ్డం ఉంటేనే ఇటు తిరుగుతారు. సిగ్నల్ టైము తక్కువ కావచ్చు. ఎడమవైపు తిరిగే చోట ఆటోలూ తోపుడుబండ్లూ నిలబడి ఒక వరస మూసుకుపోయి ఉండొచ్చు. మా దగ్గర కారణం డివైడరు. యూటర్న్ సందు ఒకటి మూసేశారు, తర్వాతి సందు చాలా దూరం. దాంతో వెనక్కి తిరగాల్సిన ప్రతి బండీ మా కాలనీలో ఒక చుట్టు చుట్టి మళ్లీ మెయిన్ రోడ్డెక్కేది. ఇది తెలియనంత కాలం మేం ఏం అడిగినా ప్రయోజనం లేకపోయింది. మధ్యలో ఒకచోట సందు తెరిచి, తిరిగే బండ్లు ఆగడానికి కాస్త చోటు ఇవ్వమని అడిగాం. చాలా తిరగాల్సి వచ్చింది కానీ చివరికి తెరిచారు. మీరూ ఒక గంట కర్నూలు రోడ్డు వైపు లైను మొదట్లో నిలబడి చూడండి. వీలైతే లోపలికి తిరిగిన బైకువాళ్లను నలుగురైదుగురిని ఆపి మర్యాదగా అడగండి, ఎందుకు ఇటు వస్తున్నారని. వాళ్లు చెప్పే జవాబు మీ అర్జీలో మొదటి వాక్యం కావాలి.

ఇప్పుడు లైను లోపల ఏం చేయవచ్చో చూద్దాం.

అన్నిటికంటే గట్టిగా పనిచేసేది లైను మధ్యలో ఒకచోట బొలార్డులు, అంటే ఇనుప లేదా కాంక్రీటు గుంజలు పాతడం. మనిషి, సైకిలు, వీల్‌చైరు పోవాలి, కారు పోకూడదు. అప్పుడు సగం లైనుకు కర్నూలు రోడ్డు వైపు నుంచి, సగం లైనుకు మంగమూరు రోడ్డు వైపు నుంచి దారి ఉంటుంది. ఏ ఇంటికీ బండి ఆగిపోదు, దాటిపోవడం మాత్రం ఆగిపోతుంది. అయితే చోటు జాగ్రత్తగా ఎంచుకోవాలి. చెత్త బండి, నీళ్ల ట్యాంకరు వెనక్కి తిప్పుకునే వీలుండాలి, కాబట్టి అడ్డ వీధి కలిసే చోటు మంచిది. ఒక గుంజ మడిచే రకం పెట్టించి దాని తాళం చెవులు ఫైర్ స్టేషనుకూ పోలీసులకూ ఇవ్వవచ్చు.

గుంజలకు ఒప్పుకోకపోతే రెండో దారి వన్‌వే. ఇందులో చాలామంది లైను మొత్తాన్ని ఒకే దిక్కుకు వన్‌వే చేయమని అడుగుతారు. అది చేయకండి. ఎదురు బండి రాదనే ధైర్యంతో వేగం పెరుగుతుంది, దాటిపోయేవాళ్లలో సగం మందికి అది ఇంకా మంచి దారి అవుతుంది. దానికి బదులు, మధ్యలో అడ్డ వీధి ఉంటే అక్కడి నుంచి రెండు సగాలనూ వేర్వేరు దిక్కులకు వన్‌వే చేయండి. రెండు చివర్లూ బయటికి వెళ్లడానికి మాత్రమే పనికొస్తాయి, మెయిన్ రోడ్ల నుంచి నేరుగా లోపలికి దారి ఉండదు. లోపలికి రావాలనుకున్న ఇంటివాళ్లు అడ్డ వీధి మీదుగా వస్తారు. అయితే కాపలా లేనిచోట వన్‌వే బోర్డుకు మన ఊళ్లలో ఎంత విలువ ఉంటుందో మీకు తెలుసు. అందుకే గుంజలకే నా ఓటు.

బైకుల విషయంలో నిజం చెప్పాలి. గుంజల మధ్య నుంచి వీల్‌చైరు పోతే బైకూ పోతుంది. దాన్ని ఆపడానికి సందు ఇరుకు చేస్తే మొదట నష్టపోయేది కాళ్లు సరిగా రాని మనిషి. కాబట్టి బైకులను ఆపాలని చూడకుండా నెమ్మది చేయాలి. లైను మొదట్లో రోడ్డును ఒక బండి పొడవునా ఫుట్‌పాత్ ఎత్తుకు లేపి, రెండు పక్కలా వాలు ఇస్తే నడిచేవాళ్లు దిగకుండా దాటుతారు, బండివాళ్లు తగ్గక తప్పదు. మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే మూలలు కూడా చూడండి. మూల బాగా విశాలంగా కోసి ఉంటే బండి బ్రేకు వేయకుండానే తిరుగుతుంది. ఆ మూలను బయటికి తెచ్చి మలుపు బిగిస్తే వేగం తగ్గించి తిప్పాల్సిందే. ఇది పెద్ద ఖర్చు కాదు. మనుషులూ బండ్లూ కలిసి తిరిగే వీధుల్లో గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదని 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోం ప్రకటనలో ప్రపంచ దేశాలు చెప్పాయి, మన లైన్లకు అది కూడా ఎక్కువే.

పక్క లైన్లు. మీలో సగం మంది ఒప్పుకోవడం లేదన్నారు కానీ నిజంగా భయపడాల్సింది పక్క లైనువాళ్ల గురించి. నేను చూసిన ఒక కాలనీలో ఒక వీధివాళ్లు చెప్పాపెట్టకుండా పెద్ద బండరాళ్లు తెచ్చి అడ్డం వేసుకున్నారు. బండ్లన్నీ పక్క వీధికి మళ్లాయి. ఆ వీధి పెద్దాయన వచ్చి "మీ పీడ మా నెత్తిన రుద్దతారా సామీ" అని అడిగాడు. అతని మాటలో తప్పేముంది? ఆ రాత్రే రాళ్లు డ్రైనులో పడ్డాయి. రెండు వీధులవాళ్లు పెళ్లిళ్లకు పిలుచుకోవడం కూడా మానేశారు. అందుకని కర్నూలు రోడ్డు, మంగమూరు రోడ్డు మధ్య ఉన్న సమాంతర లైన్లన్నిటినీ ఒకే పటంలో వేసుకోండి. మీ లైను మూస్తే బండి ఏ లైనుకు పోతుందో, అక్కడ ఏం చేయాలో అదే అర్జీలో ఉండాలి. అర్జీ కింద ఆ లైన్లవాళ్ల సంతకాలు ఉంటే అధికారి చూసే చూపే వేరు.

ఇంకొకటి, ఈ పనులు సాధారణంగా నాలాంటి రిటైరైన మగవాళ్లే మీదేసుకుంటారు. ఆ బండ్ల మధ్య పిల్లలను నడిపించేదీ, కూరగాయలకు పోయేదీ, ముగ్గు వేయడానికి వంగేదీ ఆడవాళ్లు. వాళ్లు రాగలిగే టైముకు, వంటలు అయ్యాక, మీటింగు పెట్టండి. అధికారి దగ్గరికి వెళ్లినప్పుడు వాళ్లనే మాట్లాడనివ్వండి.

అర్జీ ఎక్కడ ఇవ్వాలి అంటే, ఒక్కచోట సరిపోదు. బండ్లను నిషేధించడం, మళ్లించడం ఒక అధికారం. గుంజలు పాతడం, మూల కట్టడం ఇంకొకరి పని. మోటారు వాహనాల చట్టం, 1988లో 115వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం గానీ, ప్రభుత్వం అధికారమిచ్చిన అధికారి గానీ ఒక రోడ్డు మీద ఫలానా రకం బండ్లు తిరగకూడదని ఆంక్ష పెట్టవచ్చు. మామూలుగా దానికి గెజిట్ నోటిఫికేషన్ కావాలి. కానీ ఆంక్ష నెల రోజులకు మించకపోతే గెజిట్ అవసరం లేదు, స్థానికంగా ప్రచారం చేస్తే చాలు. నేను నెల రోజుల ట్రయల్ అని మొదట్లోనే చెప్పింది ఇందుకే. అధికారికి సంతకం చేయడం తేలిక, వ్యతిరేకించేవాళ్లకు "నెల చూద్దాం" అనడం తేలిక.

ట్రాఫిక్ పోలీసులకు ఇది కొత్త కూడా కాదు. నెల్లూరులో రొట్టెల పండుగ వచ్చినప్పుడు బారాషహీద్ దర్గా చుట్టుపక్కల దారులు మళ్లిస్తారు. లక్షల మంది వచ్చినా ఊరు సర్దుకుంటుంది. మీ ఊళ్లోనూ ఊరేగింపులకూ ఉత్సవాలకూ మళ్లింపులు పెడుతూనే ఉంటారు. ఆ బారికేడ్లే నెల రోజులు మీ లైనులో ఉంచమని అడుగుతున్నారు, అంతే.

కాబట్టి ఒకే అర్జీ మూడు ప్రతులు తీసి ట్రాఫిక్ డీఎస్పీకి, మున్సిపల్ కమిషనర్‌కు, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. వార్డు సచివాలయంలో అమెనిటీస్ సెక్రటరీకి కూడా చెప్పి ఉంచండి, సైటుకు ఎవరు వచ్చినా చూపించేది వాళ్లే. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ఉంటుంది. పెద్దావిడకు జరిగిన ప్రమాదం గురించి రాస్తూ విషయాన్ని ఆ కమిటీ అజెండాలో పెట్టమని అర్జీలోనే కోరండి. అర్జీ ఒక్క పేజీ దాటకూడదు. చేత్తో గీసిన పటం, లెక్క పట్టిక, స్కూలు టైములో తీసిన ఒక ఫొటో జత చేయండి. నలుగురు వెళ్లండి, నలభై మంది వద్దు. రసీదు నంబరు తీసుకోకుండా రావద్దు. రోడ్డు వెడల్పు, లేఅవుట్ ప్లాను, రోడ్డు ఎవరి కింద ఉందనేది తేలకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.

లైను మొదట్లో ఉన్న షాపులవాళ్లతో అర్జీ ఇవ్వక ముందే మాట్లాడండి. బేరం పడిపోతుందని వాళ్ల భయం. టిఫిన్ సెంటరుకీ కిరాణాకీ వచ్చేది ఎక్కువగా నడిచీ బైకు మీదా వచ్చే లైనువాళ్లేనని, వాళ్లకు దారి మూయడం లేదని పటం చూపించి చెప్పాలి. చెన్నై టీనగర్‌లో పాండీ బజార్ రోడ్డును 2019లో నడిచేవాళ్లకు అనుకూలంగా మార్చారు, పెళ్లి బట్టలకు అక్కడికి వెళ్లి ఆ వెడల్పాటి ఫుట్‌పాత్ మీద నడిచివచ్చినవాళ్లు మీ లైనులో ఉండే ఉంటారు. వాళ్లచేత చెప్పించండి. అయినా అందరూ ఒప్పుకోరు. మా కాలనీలో మందుల షాపాయన ఇప్పటికీ ఒప్పుకోలేదు, మేమూ ఆయన దగ్గర మందులు కొనడం మానలేదు.

గూగుల్ మ్యాప్స్ సంగతి కూడా చూడాలి. 2017 చివర్లో మన దేశంలో టూవీలర్ దారులు చూపించడం మొదలయ్యాక సందుగొందులు కూడా అందరికీ తెలిసిపోయాయి. ఆంక్ష అధికారికంగా వచ్చిన రోజే ఆర్డరు ప్రకారం మ్యాపులో మార్పు పంపండి. అంతకు ముందే రోడ్డు మూసేశారని అబద్ధం పెట్టకండి. అంబులెన్సు డ్రైవరు కూడా అదే మ్యాపు చూస్తాడు.

ట్రయల్ మొదలైన మొదటి వారం గోలగా ఉంటుంది. తెలియక వచ్చి వెనక్కి తిప్పుకునే కార్లు, హారన్లు, తిట్లు. ఆ వారం ఉదయం సాయంత్రం సంఘం మనుషులు ఇద్దరు అక్కడ ఉండి దారి చెప్పాలి. పోట్లాడకూడదు, నంబరు ప్లేట్ల వీడియోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకూడదు. తీర్పు మొదటి వారం చూసి చెప్పవద్దని అర్జీలోనే రాయండి. మూడో వారంలో అదే లెక్క మళ్లీ తీయండి, మీ లైనులోనే కాదు, పక్క లైన్లలోనూ. పక్క లైనులో బండ్లు పెరిగాయని తేలితే దాచకుండా మీరే ముందు చెప్పి, అక్కడేం చేయాలో కలిపి అడగండి. ఆ రెండు లెక్కలే గెజిట్‌కు, శాశ్వత పనులకు ఆధారం. కార్పొరేషన్ బడ్జెట్ కొత్త ఆర్థిక సంవత్సరానికి ముందు తయారవుతుంది కాబట్టి గుంజలు, మూలల పని అంచనా డిసెంబరు, జనవరికల్లా ఇంజనీరింగ్ సెక్షన్‌లో ఉండేలా చూసుకోండి. లేకపోతే ఇంకో ఏడాది బారికేడ్లతోనే నెట్టుకురావాలి.

మీ లైను వెడల్పు ఎంతో, మధ్యలో అడ్డ వీధి ఎన్ని ఇళ్ల తర్వాత వస్తుందో రాయలేదు. టేపు పెట్టి కొలిచి, పటం గీసి ఇక్కడ పెట్టండి. గుంజలు ఎక్కడ వస్తే ట్యాంకరు తిరుగుతుందో చూసి చెప్తాను.